టిక్కు పెట్టిన సాకెట్టు

ముందే ఒప్పుకుంటాను, యాంప్లిఫయర్లు బాగుచేయడం నా పని కాదు. నా పని ఎదుటివాళ్ళ తప్పులు పట్టడం. పుస్తకాలు అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఆరేళ్ళుగా రోజూ ఉదయం తొమ్మిదింటికి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, ఎవరు ఎక్కడ జారిపడ్డారో వెతుకుతూ ఒంటిగంట దాకా గడుపుతాను. ఇన్నేళ్ళు ఈ పని చేస్తే మనిషికో జబ్బు పట్టుకుంటుంది. లోకంలో తప్పులన్నీ ఇతరులే చేస్తారన్న నమ్మకం కుదిరిపోతుంది.

ఈ పనికి నిశ్శబ్దం కావాలి. కావాలని ఇంట్లో చాటింపు వేసింది నేనే. మిక్సీ తొమ్మిదిలోపే తిరగాలి, తలుపులు మెల్లగా వెయ్యాలి, మా అమ్మాయి గిటారు హెడ్‌ఫోన్లోనే మోగాలి. నాలుగేళ్ళ కిందట, పదిహేనో ఏట, పట్టుబట్టి ఎలక్ట్రిక్ గిటారు కొనిపించుకున్న రోజే ఆమెకు ఈ షరతు పెట్టాను. పాపం, గిటారుకు అగ్గిపెట్టెంత పరికరం తగిలించి, అందులో హెడ్‌ఫోన్ పెట్టుకుని తన గదిలో తను వాయించుకునేది. మాకు వినిపించేది ఉత్త తీగల చప్పుడు, దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు. ఆ చప్పుడు కూడా ఎక్కువైందని రెండుసార్లు తలుపు తట్టిన ఘనుణ్ణి నేను.

ఇక మరమ్మతుల సంగతి. చాలా ఏళ్ళ కిందట ఇంటి పరికరాల రిపేరు గురించిన లావుపాటి పుస్తకానికి ప్రూఫులు దిద్దాను, అదీ రెండు ముద్రణలకు. ఏ పేజీలో ఏ కామా పీకేశానో ఇప్పటికీ చెప్పగలను. విషయం అంత గుర్తులేదు. అయినా ఇంట్లో ఏది మూగబోయినా స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందు నేనే తయారు. అలా విప్పి, బిగించలేకపోయినవన్నీ అటక మీద ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. మందుల షాపులో పనిచేసే మా ఆవిడ ఆ పెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'ఐసీయూ' అని రాసింది. అందులో అడుగున మా అమ్మాయి బొమ్మ పియానో ఉంది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక మెట్టు పలకడం లేదని తెచ్చి ఇస్తే, రేపటికల్లా బాగుచేస్తానని తీసుకున్నాను. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇంతలో ఆమె గిటారు నేర్చుకునే స్కూలువాళ్ళు ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ పెట్టారు. నలుగురు పిల్లల బృందంలో మా అమ్మాయిది గిటారు. స్టేజీ ఎక్కడం ఇదే మొదటిసారి. ఎవరి యాంప్లిఫయర్ వాళ్ళే తెచ్చుకోవాలట. అద్దెకిచ్చే షాపులో ఒకటి చెప్పి ఉంచానని ఆమె అంటే, నాకు ఎక్కడో తగిలింది. నేనుండగా అద్దెదెందుకు, పాతదొకటి కొని శుభ్రంగా తయారుచేసి పెడతాను, అది ఎప్పటికీ నీదే అయిపోతుంది అన్నాను. ఆమె చూపు ఒక్క క్షణం అటక వైపు వెళ్ళొచ్చింది.

"నిజంగా చేస్తావా నాన్నా?"

"ఆదివారానికి మోగకపోతే నన్నడుగు."

ఆమె నా ముందే షాపుకు ఫోన్ చేసి, వద్దని చెప్పేసింది. ఆ నమ్మకం చూసి నా ఛాతీ ఎంత పొంగిందో, లోపల అంత భయమూ వేసింది. భయం సంగతి ఎవరికీ చెప్పలేదు.

పాత యాంప్లిఫయర్ అమ్ముతానని మందుల షాపు గోడ మీద ఎవరో అంటించిన కాగితం చూసి మా ఆవిడే ఆచూకీ పట్టుకొచ్చింది. మంగళవారం ఉదయం గిటారు భుజాన వేసుకుని వెళ్ళాను. అమ్మేది ఒక వడ్రంగి. షెడ్డు నిండా పలకలు, రంపపు పొట్టు, వార్నిష్ వాసన. ఒకప్పుడు ఆదివారాలు బ్యాండ్‌లో వాయించేవాడట. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మూడేళ్ళ కిందట మిషన్ రంపం పట్టుకుపోయిందని, అదేదో టోపీ పోయిందన్నంత మామూలుగా చెప్పాడు. గిటారు ఎవరికో ఇచ్చేశాడు, యాంప్లిఫయర్ మాత్రం దుప్పటి కప్పి దాచుకున్నాడు. నేను తెచ్చిన గిటారు తగిలించి కుడిచేత్తో తీగలన్నీ ఒక్కసారి మీటాడు. షెడ్డు రేకులు అదిరాయి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుందని, అదొక్కటే లోపమని, నేను అడక్కముందే చెప్పాడు. ఆ మాటకు నాకు సంతోషం వేసింది. తప్పు లేని వస్తువంటే నాకు అనుమానం.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా నా షరతు నాకూ వర్తిస్తుంది కదా అని, కుర్చీకి వేలాడే నా పెద్ద హెడ్‌ఫోన్ తీసి, దాని పిన్ను యాంప్లిఫయర్ వెనకున్న సాకెట్లో పెట్టి, గిటారు మీటి చూశాను. ఖంగుమని వినిపించింది. ఇంతలో తలుపు కొట్టారు. హెడ్‌ఫోన్ తలమీదే ఉందని మరిచి లేచాను. వైరు పక్కకు లాగడంతో పిన్ను టక్కున ఊడి కాళ్ళ దగ్గర పడింది. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫుల కట్ట అందుకుని, హెడ్‌ఫోన్ మళ్ళీ కుర్చీకి తగిలించి, కాగితం మీద పద్ధతిగా జాబితా రాసుకున్నాను. గిటారు సాకెట్, నాబులు, వైర్లు, ఫ్యూజు, స్పీకర్, హెడ్‌ఫోన్ సాకెట్. చివరిదాని పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాను.

టిక్కు గురించి ఒక మాట చెప్పాలి. నేను ఒకసారి చూసి టిక్కు పెట్టిన పేజీని మళ్ళీ చూడను. చూస్తే నామీద నాకే నమ్మకం లేనట్టు. ప్రెస్సులో కుర్రకారుకు ఈ సూత్రాన్ని చాలాసార్లు బోధించాను.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. ఈ ఒక్కరోజుకీ ఐదు నిమిషాలు స్పీకర్లో వాయించుకోవచ్చని మహారాజులా అనుమతిచ్చాను. ఆమె గిటారు తగిలించి, ఊపిరి బిగబట్టి మీటింది. ఏమీ రాలేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, స్పీకర్ ఉలకదు పలకదు. నాబ్ చివరిదాకా తిప్పినా గరగర కూడా లేదు. ఉన్నదని చెప్పిన లోపం కూడా పోయింది.

"చిన్నదే, చూస్తాను" అన్నాను. పదకొండేళ్ళ కిందట పియానో పట్టుకుని కూడా ఇదే మాటన్నానని మా ఆవిడ గుర్తుచేసింది.

బుధవారం ప్రెస్సు పని పక్కన పెట్టేశాను. ప్లగ్గు పీకి, వెనక చెక్క విప్పి, ప్రూఫు చదివినట్టే మొదటి నుంచి వరసగా దిగాను. గిటారు సాకెట్ బాగుంది, టిక్కు. ఫ్యూజు బాగుంది, టిక్కు. నాబులకు స్ప్రే కొట్టి ఒక్కోదాన్ని యాభైసార్లు తిప్పాను, మణికట్టు పట్టేసింది. స్పీకర్ వైర్లకు టార్చిలైటు బ్యాటరీ తాకిస్తే టప్‌మంది, అంటే స్పీకర్‌కు ప్రాణముంది. గురువారం, బాగానే ఉన్న వైర్లను పీకి మళ్ళీ టంకం పెట్టాను. బల్లకు అరచేయంత మచ్చ పడింది, నా చొక్కా చేతికి రెండు చిల్లులు పడ్డాయి. అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. దాన్ని ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ, ఆ హెడ్‌ఫోన్ పెట్టి ఓసారి చూడకూడదా, అందులోనైనా వస్తుందో లేదో తెలుస్తుంది కదా అంది. అది మంగళవారమే చూసి టిక్కు పెట్టేశానని చెప్పాను. మర్నాడు మళ్ళీ అదే అంది. టిక్కు పెట్టాక మళ్ళీ చూడటమంటే ఏమిటో ఆమెకు ఓపికగా వివరించాను. ఆమె అంతకంటే ఓపికగా విని, మందుల షాపుకు వెళ్ళిపోయింది.

శుక్రవారానికి జాబితాలో అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పేజీలో ఒక్క తప్పు లేదు, కానీ శబ్దం లేదు. అంటే తప్పు నాది కాదు. మిగిలింది వడ్రంగి. ఎప్పుడైనా ఆగిపోతుందని తెలిసే అంటగట్టి ఉంటాడని తేల్చేసుకుని, యాంప్లిఫయర్ కూడా తీసుకోకుండా, కోపం ఒక్కటే పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. అతను తలుపు రెక్కకు చిత్రిక పడుతున్నాడు. పాడైన సరుకు నా నెత్తిన రుద్దావన్నాను. మంగళవారం 'మీరు' అన్నవాణ్ణి, శుక్రవారం 'నువ్వు'లోకి దిగిపోయాను. ఆ దిగడం నాకు తెలుస్తూనే ఉంది, ఆపుకోలేదు.

"ఇక్కడ మోగింది కద సార్, మీరే విన్నారు. ఒకసారి పట్రండి, చూద్దాం" అన్నాడు.

"చూసేదేముంది? తెలిసే అంటగట్టావు."

అతను చిత్రిక ఆపాడు. చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు. నా ముఖంలోకి చూసి, మళ్ళీ తలుపు మీదకి వంగాడు. గెలిచినవాడిలా బయటికొచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి ఫోన్ పెట్టేసి కూర్చుంది. అద్దె షాపులో ఉన్నవన్నీ పోయాయట. రేపు సాయంత్రంలోపు యాంప్లిఫయర్ కుదరకపోతే ఆమె భాగాన్ని కీబోర్డు అబ్బాయి వాయించేస్తాడట. నేను వడ్రంగిని తిట్టడం మొదలుపెట్టాను. ఆమె ఆపింది.

"ఆయన సంగతి వదిలెయ్ నాన్నా. నాలుగేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా నేను వాయించింది వినలేదు. ఆదివారమైనా వింటావనుకున్నా."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే దెబ్బలాడేవాణ్ణి, అందులో నాకు అనుభవం ఉంది. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది, మెల్లగా, నేను నేర్పినట్టే. తల కొట్టేసినట్టయింది. అది అబద్ధమని చెప్పడానికి నాలుగేళ్ళూ వెతికి చూసుకున్నాను. తలుపు తట్టిన ఆ రెండుసార్లే దొరికాయి.

శనివారం ఉదయం, మూడు రోజులుగా ముట్టని ప్రూఫుల ముందు కూర్చున్నాను. వీధి చప్పుడు చెవుల్లో పడకుండా హెడ్‌ఫోన్ తగిలించుకోవడం నాకు అలవాటు. కుర్చీ నుంచి తీసి, వైరు విప్పుతుంటే పిన్ను చేతికి తగిలింది. ఎక్కడో తేడాగా ఉంది. కళ్ళజోడు పైకి నెట్టి చూశాను. పిన్ను చివర ఉండాల్సిన మొన లేదు. మొండిగా ఉంది.

ఆ మొన ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు మరమ్మతుల పుస్తకం అక్కర్లేకపోయింది. కానీ పుస్తకమూ గుర్తొచ్చింది, నూట నాలుగో పేజీ. హెడ్‌ఫోన్ పిన్ను సాకెట్లోకి దూరితే లోపల ఒక రేకు పక్కకు జరిగి స్పీకర్‌ను ఆపేస్తుంది, పిన్ను తీస్తే రేకు వెనక్కొస్తుంది, స్పీకర్ మోగుతుంది. ఆ వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టింది నేనే. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఆ యాంప్లిఫయర్, ఎవరో తలకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారనుకుని మర్యాదగా నోరు మూసుకుంది. మా ఇంటి షరతు దానికి నేనే పిన్ను విరిచి మరీ నేర్పాను.

ఇక్కడ మంచివాడైతే కూతుర్ని పిలిచి చెప్పేస్తాడు. నేను తలుపు గడియ వేశాను. ఆ ముక్కను గుట్టుగా లాగేసి, కెపాసిటరో మరొకటో పోయిందని, దాన్ని మార్చానని చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది? టార్చి వేసి చూస్తే సాకెట్ అడుగున వెండి రంగు మెరుపు కనిపించింది. మా ఆవిడ కనుబొమల పట్టకారుతో ప్రయత్నించాను. సూదితో గెలికాను. అది ఇంకా లోపలికి వెళ్ళి కూర్చుంది. అరగంటకు నాకు అర్థమైంది, చెక్కలో విరిగిన మేకుల్ని రోజూ లాగేవాడు, ఈ ఊళ్ళో సన్నటి కంతల్లోంచి విరిగిన ముక్కలు లాగడం వచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. అతనికి ముఖం చూపించలేని పరిస్థితి నిన్ననే సంపాదించుకున్నాను.

పిన్ను జేబులో వేసుకుని, యాంప్లిఫయర్ ఎత్తుకుని బయల్దేరాను. ఎక్కడికని అమ్మాయి అడిగింది. వడ్రంగి దగ్గరికన్నాను. మళ్ళీ గొడవకు పోతున్నాననుకుందేమో, నేనూ వస్తానని గిటారు తీసుకుని వెంటపడింది. ఒక పక్క నేను, ఒక పక్క తను పిడి పట్టుకుని నడిచాం. దారంతా నేను అబద్ధాన్ని దిద్దుకుంటూనే ఉన్నాను. రెండు మూడు రకాలుగా వచ్చింది, అన్నీ చక్కగానే ఉన్నాయి.

వడ్రంగి మమ్మల్ని చూసి రంపం ఆపాడు. చెయ్యి చాచి యాంప్లిఫయర్ అందుకుని బల్ల మీద పెట్టాడు. మాట్లాడింది నేనే.

"మీరు ఒకసారి ఆ హెడ్‌ఫోన్ సాకెట్ చూడాలి."

"నిన్న 'నువ్వు' అన్నారు సార్" అన్నాడు, టార్చి వెలిగిస్తూ. కోపంగా కాదు. గుర్తుందని చెప్పడానికి.

వంగి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, నావైపూ అమ్మాయివైపూ చూశాడు. లోపల ఏదో పిన్ను ముక్క విరిగి ఉందన్నాడు.

"ఎప్పటిదో ఏమో. నాదే అయ్యుంటుందమ్మా. నేను సరిగ్గా చూసుకోలేదు."

అమ్మాయి నావైపు తిరిగింది. చూడు నాన్నా, నువ్వు చెప్పిందే నిజమైంది అన్నట్టు చూసింది. నా అబద్ధాలన్నీ కలిపినా ఇంత బాగా కుదరలేదు. ఊ అంటే చాలు. వడ్రంగి తప్పుడు మనిషవుతాడు, నేను తప్పు కనిపెట్టిన మొనగాణ్ణవుతాను, అటక మీది పెట్టె మాట ఎవరూ ఎత్తరు. ఆ మూడు వేళ్ళ చెయ్యి యాంప్లిఫయర్ మీద తేలిగ్గా ఆనించి ఉంది. మంగళవారం ఇదే చేత్తో దుప్పటి తీసి, నేను అడక్కుండానే లోపం చెప్పాడు.

జేబులోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టాను. దాంతోపాటు, మిగిలిపోయిన స్క్రూ కూడా వచ్చి బల్ల మీద దొర్లింది.

"ముక్క నాది. మంగళవారం నేనే విరిచాను. ఈయనదేం తప్పు లేదు" అన్నాను అమ్మాయితో. తర్వాత అతనితో అన్నాను. "నిన్న నేనన్న మాటలన్నీ తప్పే. క్షమించండి."

అతను స్క్రూ తీసి వేళ్ళ మధ్య తిప్పి, ఇది వెనక చెక్కది సార్ అన్నాడు. అంతే.

తర్వాత జరిగింది పది నిమిషాల పని. సన్నటి కర్రపుల్ల ఒకటి సాకెట్‌కు సరిపోయేలా చెక్కి, చివర ఒక్క చుక్క జిగురు అంటించి, పక్కలకు తగలకుండా నిటారుగా లోపలికి దించి, కదపకుండా పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురం ఊపిరి తీయడానికి కూడా భయపడుతూ నిలబడ్డాం. మెల్లగా లాగితే పుల్ల చివర అంటుకుని మొన వచ్చేసింది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. నాలుగు రోజులు దాని కోసం బల్ల కాల్చుకున్నాను.

యాంప్లిఫయర్ మోగుతుందో లేదో వాయించి చూడమ్మా అన్నాడు వడ్రంగి. అమ్మాయి గిటారు తగిలించింది. నాబ్ తిప్పితే గరగరమంది. ఆ గరగర వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆమె అలవాటుగా నావైపు చూసింది, ఎంత పెంచొచ్చని అడుగుతున్నట్టు. అలవాటుగానే నా చెయ్యి 'మెల్లగా' అనడానికి లేచింది. లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాను.

వాయించింది. ఏం వాయించిందని అడిగితే చెప్పలేను, నాకు సంగీతం తెలియదు. నాలుగేళ్ళు తలుపు అవతల గోరు గీస్తున్నట్టు వినిపించినదానికి ఇంత లావు గొంతుందని, మధ్యలో ఒకచోట అంత సన్నగా వణుకుతుందని నాకు తెలియదు. పక్కనున్న చెక్కపలకలు కూడా సన్నగా మోగుతున్నాయి. వడ్రంగి కళ్ళు మూసుకుని, ఎడమచేతి మూడు వేళ్ళను గాలిలో తీగల మీద ఆడిస్తున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రంపపు పొట్టు పడిందని చెబుదామనుకున్నాను కానీ, ఆ రోజుకు అబద్ధాలు చాలనిపించింది.

ఆపి, తీగల మీద అరచెయ్యి ఆనించి, నన్ను అడిగింది.

"ఎక్కడైనా తప్పు పోయిందా నాన్నా?"

వెటకారం కాదు. చిన్నప్పటి నుంచి ఏం రాసినా, ఏం గీసినా నా దగ్గరికి తెచ్చి అదే మాట అడిగేది. నేను ఎప్పుడూ ఒకటో రెండో పట్టి ఇచ్చేవాణ్ణి. ఈసారి వెతికాను. నా పనిలో తప్పు పట్టాలంటే పక్కన అసలు ప్రతి ఉండాలి, రెండూ సరిచూసుకోవాలి. ఏది తప్పో తెలియాలంటే సరైనది ఒక్కసారైనా విని ఉండాలి.

"తెలీదమ్మడూ. నేనిదివరకు వినలేదు" అన్నాను. "మళ్ళీ మొదట్నించి వాయించు."

వడ్రంగి నా వెనకకు ఒక ముక్కాలిపీట జరిపాడు. కూర్చున్నాను.